అటక మీద రిసీవర్‌ని దింపి నిజం సరౌండ్ రప్పించడానికి నేను పడ్డ పాట్లు

మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు ఇళ్లలోకి వచ్చింది కదా, ఆ రోజు మేం మేడమీద పోర్షన్ వాళ్ల వరండాలో కూర్చుని కింద మా ఫ్రిజ్ తేలుతుంటే చూశాం. నీళ్లు దిగాక లోపలికెళ్తే టీవీ పోయింది, వాషింగ్ మెషిన్ పోయింది, అంతకుముందు ఏడాదే ముచ్చటపడి కొన్న సౌండ్‌బార్‌ని ఒక పక్కకి వంచితే గ్లాసులోంచి టీ ఒంపినట్టు బురదనీళ్లు కారాయి. బతికి బట్టకట్టినవల్లా అటక మీదున్నవే. అమ్మ ఇత్తడి గుండిగలు, పాప బొమ్మల కొలువు అట్టపెట్టె, పాత దుప్పట్లో మూటకట్టి పడేసిన మా యమహా రిసీవర్ (సినిమా సౌండుని గది చుట్టూ ఉన్న స్పీకర్లకి విడివిడిగా పంచే ఆంప్లిఫైయర్, సరౌండ్ అంటే అదే), దాని ఐదు స్పీకర్లు, సబ్‌వూఫర్.

ఈ రిసీవర్ 2005లో మా బావ సింగపూర్ నుంచి తెచ్చాడు, దాని బరువుకి తన బట్టలు సగం అక్కడే వదిలేసి వచ్చానని ఇప్పటికీ దెప్పుతుంటాడు. డీవీడీల రోజుల్లో రాజాలా వాడాం. వెనకాల చూస్తే సాకెట్లకి కొదవేం లేదు, పసుపు ఎరుపు తెలుపు పిన్నులు బోలెడు, డిజిటల్ సౌండుకి ఒక కోయాక్సియల్, రెండు ఆప్టికల్, కానీ బొమ్మా సౌండూ ఒకే వైర్లో పోయే హెచ్‌డీఎంఐ ఒక్కటి లేదు. అందుకే సౌండ్‌బార్ రాగానే ఇది అటకెక్కింది. సరే, వరద తర్వాత ముందు మంచాలు, గ్యాస్ స్టవ్వు, పాప పుస్తకాలు, తర్వాత ఎప్పటికో టీవీ. ఆ టీవీ బొమ్మ బ్రహ్మాండం, సౌండు మాత్రం రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టుండేది. మళ్లీ సౌండ్‌బార్ కొనే ఓపిక జేబుకి లేదు. ఓ ఆదివారం నిచ్చెన వేసి మూట దింపా. దులిపితే లోపల్నుంచి బల్లి గుడ్డు పెంకులు రాలాయి, స్విచ్ వేస్తే మాత్రం టక్‌మని రిలే (లోపలుండే స్విచ్చి) కొట్టుకుని డిస్‌ప్లే వెలిగింది.

ఎడమ స్పీకర్ కాసేపు పలికి కాసేపు మానేస్తుంటే గవర్నర్‌పేటలో ఆంప్లిఫైయర్లు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లా. ఆయన మూత తీసి, బ్రష్‌తో దుమ్ము లాగి, వాల్యూం నాబ్‌లో ఏదో స్ప్రే కొట్టి అటూ ఇటూ ఒక యాభైసార్లు తిప్పి, రిలే కాంటాక్టులు తుడిచి ఇచ్చాడు. మూడొందలు. "ఇంకో పదేళ్లు చూస్కోనక్కర్లేదు బాబూ, దీని ట్రాన్స్‌ఫార్మర్ చూడు ఎంతుందో" అన్నాడు. ఈయన గురించి మళ్లీ చెప్తా, అసలు విషయం పట్టిచ్చింది ఈయనే.

ఇప్పుడు దీనికి సినిమాలు ఎక్కడ్నుంచి ఇవ్వాలి? మా డీవీడీలు, నాలుగైదు బ్లూరేలు ఎప్పుడో హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించి పెట్టుకున్నా, ఆ డిస్క్ వరద రోజు నా ఆఫీస్ బ్యాగులో ఉండబట్టి మిగిలింది. రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతిలో పట్టే బుల్లి కంప్యూటర్ కొని (ఇకమీదట 'పై' అంటే ఇదే) దాంట్లో లిబ్రెలెక్ వేశా, అంటే ఆన్ చెయ్యగానే నేరుగా కోడి అనే సినిమా ప్లేయర్ తెరుచుకుంటుంది. 2014 దాకా ఎక్స్‌బీఎంసీ అని పిలిచిన సాఫ్ట్‌వేరే ఇది, పేరు మార్చినోళ్లకి తెలుగు వచ్చుంటే ఇంకో పేరు పెట్టేవాళ్లేమో. మా అమ్మ ఫోన్లో మా పిన్నితో "వీడు టీవీలో కోడి పెట్టాడంట, అది కూడా పలకట్లేదంట" అని చెప్తుంటే విన్నా.

మొదటి కనెక్షన్ ఎవరైనా చేసేదే. రాస్ప్‌బెర్రీ పై నుంచి హెచ్‌డీఎంఐ టీవీకి, టీవీ వెనకున్న ఆప్టికల్ అవుట్ నుంచి రిసీవర్‌కి. కొత్త ఆప్టికల్ వైరు గుచ్చుతుంటే ఎంత నొక్కినా కూర్చోదు, సాకెట్ తలుపేమో లోపలికి పోతుంది, వైరేమో జారి బయటికొస్తుంది. పది నిమిషాలు కుస్తీ పట్టాక మా పాప వంగి చూసి "నాన్నా, దీనికి టోపీ ఉంది" అంది. గాజులా కనపడీ కనపడకుండా ఉండే బుల్లి ప్లాస్టిక్ టోపీ, రెండు కొసలకీ ఉంది. తీసేసి ఒక కొస టీవీకి పెట్టి రెండో కొస పాప అరచేతి మీద పట్టుకుంటే కుంకుమ బొట్టంత ఎర్ర వెలుగు పడింది. ఈ వైర్లో పోయేది కరెంటు కాదు, వెలుతురు. ఎక్కడన్నా మడత పడ్డా, మొనకి దుమ్ము పట్టినా అంతే సంగతులు. దీనికో లాభం కూడా ఉంది, రెండు మిషన్ల మధ్య కరెంటు దారి ఉండదు కాబట్టి మామూలు వైర్లతో వచ్చే ఆ గుయ్యిమనే రొద దీంట్లో రాదు.

రిసీవర్‌లో డీటీవీ అని రాసున్న ఇన్‌పుట్ నొక్కా, సినిమా పెట్టా. ఐదు స్పీకర్లూ మోగాయి! వెనకాల సోఫా పక్కన పెట్టిన రెండూ కూడా. సబ్‌వూఫర్ దెబ్బకి షోకేసులో గ్లాసులు గలగలమన్నాయి. నాన్న వంటింట్లోంచి వచ్చి "డీటీఎస్ వచ్చిందిరా" అన్నారు. మన దగ్గర గుండెలో దడ పుట్టించే సౌండు ఏదైనా డీటీఎస్సే కదా, అప్పట్లో వాల్‌పోస్టర్ మీద హీరో పేరు పక్కన అంత అక్షరాలతో వేసేవాళ్లు. ఆ సాయంత్రం పక్కింటోళ్లని కూడా పిలిచి వినిపించా. పని అయిపోయిందనుకున్నా.

ఒక వారం తర్వాత ఏదో తేడా కొట్టింది. వెనక స్పీకర్లు మోగుతున్నాయి కానీ అవి వాటి సొంత మాట మాట్లాడట్లేదు, ముందు స్పీకర్లు అన్నదే నీళ్లు కలిపి తిరిగి చెప్తున్నట్టుంది. మా డీవీడీల్లో ఒకదాంట్లో హెలికాప్టర్ వెనక నుంచి వచ్చి నెత్తిమీదుగా ముందుకెళ్లే సీనుంది, 2006లో ఇదే రిసీవర్ మీద ఆ సీను వచ్చినప్పుడల్లా అమ్మ వెనక్కి తిరిగి చూసేది. ఇప్పుడు హెలికాప్టర్ గది అంతా ఉంది, ఎక్కడా లేదు. డైలాగు కూడా కొంచెం కొంచెం వెనక నుంచి వినపడుతోంది. మా ఆవిడకి చెప్తే "మోగుతున్నాయిగా, ఇంకేం కావాలి" అంది. అదీ నిజమే, కానీ నాకు పంటి కింద రాయిలా తగుల్తూనే ఉంది.

గవర్నర్‌పేట వైపు పనుండి వెళ్లినప్పుడు పెద్దాయన దగ్గర ఆగి చెప్పా. ఆయన సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టకుండానే "డిస్‌ప్లే మీద ఏం రాసింది?" అన్నాడు. నేను చూడలేదు. నిజంగా చూడలేదు, చెవులతో వినడమే తప్ప డిస్‌ప్లే వంక చూడాలన్న ఆలోచనే రాలేదు. ఆయన నవ్వి తన పాత కథ చెప్పాడు. ఒకప్పుడు గాంధీనగర్‌లో ఒక థియేటర్‌లో ఆపరేటర్‌గా చేశాడంట. "డీటీఎస్ బొమ్మ వచ్చిందంటే రీళ్ల పెట్టెలతో పాటు సీడీలు వచ్చేయి బాబూ. సౌండు సీడీలోంచి వచ్చేది, రీలు మీద ఉండేది టైంకోడు గీత ఒక్కటే. ఆ గీత అందకపోయినా, సీడీ మొరాయించినా, మిషను దానంతటదే రీలు మీదుండే పాత సౌండ్‌ట్రాక్‌లోకి పోయేది. హాల్లో ఎవరికీ తెలిసేది కాదు, ఈలలు ఈలలే. మాకు క్యాబిన్‌లో లైటు మారేది. మీ ఇంట్లో కూడా అంతే, చెవిని నమ్మబాక, లైటు చూడు. రిమోట్‌లో స్ట్రెయిట్ అని ఉంటది, అది నొక్కి చూడు."

ఇంటికొచ్చి చూస్తే డిస్‌ప్లేలో ప్రోలాజిక్ టూ మూవీ అని ఉంది. డాల్బీ డిజిటల్ (డీవీడీల్లో సరౌండ్ సౌండుని కుదించి మూటకట్టే పద్ధతి) అనే గుర్తు వెలగలేదు. ఆ పక్కన ఏ ఏ చానెళ్లు లోపలికి వస్తున్నాయో చూపించే చిన్న చిన్న గళ్లుంటాయి, ఎల్ (ఎడమ), సీ (మధ్య), ఆర్ (కుడి), వెనక రెండు, ఎల్‌ఎఫ్‌ఈ (సబ్‌వూఫర్‌కి పోయే బరువు మోత) అని. వాటిలో వెలిగినవి ఎల్, ఆర్, రెండే. స్ట్రెయిట్ నొక్కా. అంతే, వెనక స్పీకర్లు చచ్చూరుకున్నాయి, మధ్యది కూడా. స్ట్రెయిట్ అంటే వచ్చింది వచ్చినట్టు వినిపించమని, వచ్చింది స్టీరియో కాబట్టి రెండే మోగాయి. నేను పక్కింటోళ్లని పిలిచి గొప్పలు పోయింది స్టీరియోకి. ప్రోలాజిక్ అనేది ఆ స్టీరియోలోంచే కొంచెం కొంచెం చిలికి ఐదింటికీ పంచుతుంది, పాత పాటలకి అది బానే ఉంటుంది, నేను తప్పు పట్టను, కానీ ఆరు చానెళ్లుగా రికార్డు చేసిన సినిమాని రెండుగా కుదించి మళ్లీ ఐదుగా పంచితే హెలికాప్టర్‌కి దారి ఎట్లా తెలుస్తుంది!

ఆ రాత్రి నుంచి మొదలైంది నా పరిశోధన. ముందు టీవీ సెట్టింగుల్లో డిజిటల్ ఆడియో అవుట్ పీసీఎం (కుదించని, మూటకట్టని సౌండు)లో ఉంటే ఆటోకి మార్చా. విచిత్రం ఏంటంటే టీవీకే నేరుగా పెన్‌డ్రైవ్ గుచ్చి అదే సినిమా వేస్తే రిసీవర్‌లో డాల్బీ డిజిటల్ గుర్తు ఠక్కున వెలిగింది. అంటే వైరు బాగుంది, రిసీవర్ బాగుంది, టీవీకి పంపడం చేతనవును. రాస్ప్‌బెర్రీ పై నుంచి హెచ్‌డీఎంఐలో వచ్చింది మాత్రం స్టీరియోగానే పోతోంది. ఇది నా ఒక్క టీవీ రోగం కాదు, చాలా టీవీల్లో ఇదే వరస.

కారణం తెలిసినప్పుడు నాకు నవ్వొచ్చింది. హెచ్‌డీఎంఐ గుచ్చగానే పంపేవాడు అవతలోడిని అడుగుతాడంట, నువ్వేం చూపించగలవు, ఏం వినిపించగలవు అని. అవతలోడు ఒక చిట్టా ఇస్తాడు, దాన్ని ఈడీఐడీ అంటారు. మా టీవీ పాపం నిజాయితీగా "నాకున్నవి రెండు స్పీకర్లు, రెండు చానెళ్లే" అని చెప్తోంది, దాని వెనకాల ఇంకో పెద్దమనిషి ఐదు స్పీకర్లు పెట్టుకుని కూర్చున్నాడన్న సంగతి ఆ చిట్టాలో లేదు. పెళ్లికి ఎంతమంది వస్తున్నారో అడిగితే మధ్యవర్తి తన ఇంట్లోవాళ్లని మాత్రమే లెక్క చెప్పినట్టు.

ఇక్కడ కాస్త లెక్క చెప్పాలి, నాకు అది అర్థమయ్యాకే మిగతా సెట్టింగులు తలకెక్కాయి. ఆప్టికల్ వైరు పద్ధతి 1983లో తోషిబా వాళ్లది, సీడీ ప్లేయర్ల కోసం పెట్టింది, టాస్‌లింక్ అన్న పేరులో మొదటి ముక్క తోషిబాదే. విడమర్చిన సౌండు, అంటే పీసీఎం, దాంట్లో రెండు చానెళ్లే పడుతుంది. సెకనుకి 48 వేల శాంపిళ్లు, ఒక్కోటి 16 బిట్లు, రెండు చానెళ్లు, మొత్తం 15 లక్షల 36 వేల బిట్లు. ఆరు చానెళ్లయితే 46 లక్షలు దాటుతుంది, ఆ సందులో పట్టదు. మరి డీవీడీల్లో 5.1, అంటే ఐదు చానెళ్లు, సబ్‌వూఫర్‌కి ఇంకోటి, ఎలా వచ్చేది? మూట కట్టి పంపేవాళ్లు. డీవీడీలో డాల్బీ డిజిటల్ మూట ఎంత పెద్దదైనా 4 లక్షల 48 వేల బిట్లు దాటదు, ఆ ఫార్మాట్‌కే మొత్తం మీద పైహద్దు 6 లక్షల 40 వేలు. డీటీఎస్ ఫుల్ రేటు 15 లక్షల 9 వేలు, కొలిచి కుట్టించిన జాకెట్టులా ఆ వైరుకి సరిగ్గా సరిపోయింది. ఆ మూటని దారిలో ఎవరూ విప్పకుండా రిసీవర్ దాకా చేర్చడాన్నే పాస్‌త్రూ అంటారు. రిసీవర్ విప్పుతుంది. నా రిసీవర్‌కి విప్పడం వచ్చిన మూటలు ఈ రెండే, డాల్బీ డిజిటల్, డీటీఎస్. తర్వాత తరం డాల్బీ డిజిటల్ ప్లస్, ట్రూహెచ్‌డీ, డీటీఎస్ మాస్టర్ ఆడియో దీనికి తెలీవు, తెలిసినా ఆ వైర్లో పట్టవు.

కాబట్టి కావాల్సింది రాస్ప్‌బెర్రీ పైకీ టీవీకీ మధ్యలో కూర్చుని, బొమ్మని టీవీకి పంపి, సౌండుని ఆప్టికల్‌లో బయటికి లాగి, టీవీ బదులు తను చిట్టా ఇచ్చే డబ్బా. హెచ్‌డీఎంఐ ఆడియో ఎక్స్‌ట్రాక్టర్ అంటారు. ఒక షాపుకెళ్లి అడిగితే కుర్రాడు "ఇదే సార్, అందరూ ఇదే పట్టుకెళ్తారు" అని ఒక బుల్లి డబ్బా ఇచ్చాడు, ఇంటికొచ్చి చూస్తే దానికి ఆప్టికల్ లోపలికి, ఎర్ర తెల్ల పిన్నులు బయటికి. నాకు కావాల్సిందానికి సరిగ్గా ఉల్టా! ఆప్టికల్‌ని స్టీరియో చేసే కన్వర్టర్ అది. వెనక్కి తీసుకోనన్నాడు, బిల్లు మీద రాసుందంట. అది ఇప్పుడు మేడమీద పోర్షన్ వాళ్ల టీవీకి ఉంది, వాళ్లకి పనికొచ్చింది, పోనీలే. రెండోసారి ఫోటో చూసి, వెనక సాకెట్ల మీద రాత చదివి, ఆన్‌లైన్‌లో తెప్పించా. పద్నాలుగొందలు. 4కే బొమ్మలు కావాలనుకుంటే హెచ్‌డీసీపీ 2.2 (బొమ్మని కాపీ కొట్టకుండా వేసే తాళం) ఉందో లేదో చూసి కొనాలి, లేకపోతే ఓటీటీల్లో 4కే రాదు, ఒక్కోసారి అసలు బొమ్మే రాదు.

ఆ డబ్బాకి పక్కన గోరుతో జరిపే స్విచ్ ఒకటుంది, అగ్గిపుల్ల తలంత. పాస్, 2సీహెచ్, 5.1సీహెచ్ అని మూడు స్థానాలు. పెట్టెలోంచి వచ్చినప్పుడు పాస్‌లో ఉంది. పాస్ అంటే టీవీ ఇచ్చిన చిట్టానే ముందుకి పంపుతుంది, అంటే మళ్లీ స్టీరియో. నేను ఆ స్విచ్ సంగతి చూడకుండా ఒక పూటంతా "డబ్బా పనిచెయ్యట్లేదు" అని తిట్టుకుంటూ గడిపా. 5.1కి జరిపా. ఇప్పుడు అసలు సౌండే లేదు!

ఇంతకుముందు ఏదో ఒకటి మోగేది, ఇప్పుడు నిశ్శబ్దం. మా ఆవిడ పక్క గదిలోంచి "అమ్మయ్య" అనడం స్పష్టంగా వినపడింది. జరిగిందేంటంటే, మొదట్లో ఎప్పుడో ఉత్సాహంలో కోడిలో చానెళ్ల సంఖ్య 5.1 అని పెట్టేశా, టీవీ రెండే అన్నాక అది పట్టించుకోలేదు. ఇప్పుడు ఎక్స్‌ట్రాక్టర్ 5.1 తీసుకుంటానని చెప్పేసరికి కోడి మూట విప్పేసి ఆరు చానెళ్ల పీసీఎం పంపింది. హెచ్‌డీఎంఐలో అది పోతుంది, ఆప్టికల్ దగ్గరకొచ్చేసరికి పట్టదు.

కోడిలో సెట్టింగ్స్, సిస్టమ్, ఆడియో. కింద ఎడమ పక్కన పళ్లచక్రం బొమ్మ పక్కన స్టాండర్డ్ అని ఉంటుంది, దాన్ని నొక్కుతూ పోయి ఎక్స్‌పర్ట్ దాకా తెస్తేగానీ ఆప్షన్లన్నీ బయటపడవు, నేను మొదట ఆ పాస్‌త్రూ ఎక్కడుందో వెతికి వెతికి విసిగిపోయింది అందుకే. చానెళ్ల సంఖ్య 2.0 చెయ్యాలి. ఇది వింటే ఎవడికైనా తిక్క పుడుతుంది, సరౌండ్ కావాలని చస్తుంటే రెండు పెట్టమంటాడేంటి అని. కానీ ఆ రెండు విడమర్చిన సౌండుకి, అంటే ఆప్టికల్‌కి పట్టేంత, మూటలకి ఆ లెక్కతో పనిలేదు. తర్వాత పాస్‌త్రూ ఆన్ చెయ్యాలి, పాస్‌త్రూ ఏ పోర్టులోంచి అన్నది కూడా సరిగ్గా పెట్టాలి, పై 4కి రెండు హెచ్‌డీఎంఐ పోర్టులు కదా, లిస్టులో కవలపిల్లల్లా రెండు పేర్లు కనపడతాయి. దాని కింద ఒక్కో ఫార్మాట్ పేరు పెట్టి మీ రిసీవర్‌కి ఇది వచ్చా అని అడుగుతుంది. డాల్బీ డిజిటల్ అవును, డీటీఎస్ అవును. మిగతావి కాదు. ఆశపడి అన్నిటికీ అవును అన్నామా, రిసీవర్‌కి అర్థంకాని మూట వెళ్లి చెవులు చిల్లులుపడే చప్పుడన్నా వస్తుంది, చడీచప్పుడు లేకుండానన్నా ఉంటుంది.

హెలికాప్టర్ సినిమా పెట్టా. రిసీవర్‌లో రిలే టక్‌మంది. డిస్‌ప్లేలో ప్రోలాజిక్ పోయి డాల్బీ డిజిటల్ వచ్చింది, చానెళ్ల గళ్లు ఒక్కోటి వెలిగి ఆరూ వెలిగాయి, ఎల్‌ఎఫ్‌ఈతో సహా. స్ట్రెయిట్ నొక్కా, వెనక స్పీకర్లు ఆగలేదు. హెలికాప్టర్ నా కుడి చెవి వెనక ఎక్కడో పుట్టి, ఫ్యాను మీదుగా పోయి, టీవీలోకి దూరింది. అమ్మ పప్పు రుబ్బుకుంటూ తలెత్తి వెనక గుమ్మం వైపు చూసింది! నాకు అది చాలు. పాపేమో "నాన్నమ్మా, కోడి కూసింది" అని అరిచింది.

పెద్దాయనకి ఫోన్ చేసి లైటు వెలిగిందని చెప్పా. "డీటీఎస్ కూడా చూశావా?" అన్నాడు. డీటీఎస్ ట్రాక్ ఉన్న డీవీడీ పెడితే డీటీఎస్ గుర్తు వెలిగింది. బ్లూరేలో ఉండే డీటీఎస్ మాస్టర్ ఆడియో సంగతి ఇంకా ముచ్చట, దాని కడుపులోనే మామూలు డీటీఎస్ ఒకటి దాచి ఉంటుంది, కోడి ఆ గింజ మాత్రం ఒలిచి పంపిస్తుంది, కాబట్టి ఇరవై ఏళ్ల రిసీవర్‌కీ దక్కుతుంది. ట్రూహెచ్‌డీలో అలా గింజ ఉండదు, బ్లూరే డిస్కులో అయితే పక్కన విడిగా డాల్బీ డిజిటల్ ట్రాక్ ఉంటుంది, ఫైలు చేసేటప్పుడు దాన్ని పీకేసి ఉంటే దక్కదు.

అలా దక్కనివాటికి, అలాగే ఏఏసీ 5.1 (ఇంకో రకం మూట), డాల్బీ డిజిటల్ ప్లస్ ఫైళ్లకి కోడిలోనే ఇంకో మందుంది, డాల్బీ డిజిటల్ ట్రాన్స్‌కోడింగ్ అని. చానెళ్లు 2.0లో ఉంటేనే అది దొరుకుతుంది. మూట విప్పేసి, రిసీవర్‌కి తెలిసిన డాల్బీ డిజిటల్ మూటగా అప్పటికప్పుడు మళ్లీ కట్టి పంపుతుంది. కొంచెం నాణ్యత పోతుందంటారు, మా హాల్లో పైన ఫ్యాను, బయట పైపులరోడ్డు ఆటోలు, పక్కింట్లో మిక్సీ, ఈ మధ్యలో అంత తేడా కనిపెట్టే చెవి నాకైతే లేదు. ఇది ఆన్ చేశాక హార్డ్‌డిస్క్‌లో 5.1 ఉన్న ప్రతి ఫైలుకీ ఆరు గళ్లూ వెలిగాయి.

తర్వాత వచ్చినవన్నీ చిల్లర తలనొప్పులు. పాస్‌త్రూలో కోడి రిమోట్ వాల్యూం పనిచెయ్యదు, మూట మీద వాల్యూం తిప్పడం కుదరదు కదా, రిసీవర్ రిమోటే వాడాలి, ఇది నాన్నకి ఇప్పటికీ అలవాటు కాలేదు, నొక్కి నొక్కి బ్యాటరీలు మార్చమంటారు. రిసీవర్‌కి కొత్త సిగ్నల్ పట్టుకోడానికి ఒక సెకను పడుతుంది, అందుకే పాజ్ చేసి మళ్లీ ప్లే చేస్తే మొదటి మాట మింగేసేది, ఆడియో డివైస్‌ని నిద్రపోనివ్వకు అన్న సెట్టింగ్‌ని ఎప్పుడూ అని పెట్టాక చాలావరకు తగ్గింది. మెనూలో అటూ ఇటూ కదిలినప్పుడు వచ్చే టిక్కు టిక్కు శబ్దాలు కూడా ఆపేశా, లేకపోతే ప్రతిదానికీ రిలే కొట్టుకునేది.

పెదాలకీ మాటకీ పొంతన లేకపోవడం మాత్రం ఒక రోజు తినేసింది. టీవీ బొమ్మని మెరుగులు దిద్దుతూ కాస్త ఆలస్యం చేస్తుంది, సౌండేమో ముందే డబ్బా దగ్గర విడిపోయి రిసీవర్‌కి చేరిపోతుంది, దాంతో మాట ముందు, నోరు తర్వాత. టీవీలో గేమ్ మోడ్ పెడితే చాలావరకు సర్దుకుంది, మిగిలింది రిసీవర్ మెనూలో ఆడియో డిలే కొంచెం పెంచి సరిచేశా. సరిచూడ్డానికి సినిమా కన్నా వార్తలు నయం, వార్తలు చదివేవాళ్లు సూటిగా మన మొహంలోకి చూసి మాట్లాడతారు కాబట్టి తేడా ఇట్టే తెలుస్తుంది.

స్పీకర్ల దూరాలు టేపు పెట్టి కొలిచి రిసీవర్‌లో ఎక్కించా, ఐదూ చిన్నవి కాబట్టి స్మాల్ అని పెట్టి బరువు మోతంతా సబ్‌వూఫర్‌కి అప్పజెప్పా. టెస్ట్ టోన్ పెట్టి ఒక్కోటీ వింటుంటే తెలిసింది, మొదటి రోజు నుంచి వెనక ఎడమ, వెనక కుడి వైర్లు ఒకదానికొకటి మార్చి గుచ్చా. పక్కింటోళ్లకి వినిపించిన రోజు కూడా అంతే. ఎవరికీ చెప్పలేదు.

ఓటీటీ సంగతి సగం సగం. ఓటీటీ యాప్‌లు నడిపే స్టిక్‌ని కూడా అదే ఎక్స్‌ట్రాక్టర్ ద్వారా పెట్టి, దాని సౌండ్ సెట్టింగుల్లో డాల్బీ డిజిటల్ ఎంచుకుంటే కొన్ని యాప్‌ల్లో ఆరు గళ్లూ వెలుగుతున్నాయి, కొన్నిట్లో ఎల్, ఆర్ దగ్గరే ఆగిపోతోంది. వెలగనప్పుడు స్ట్రెయిట్ తీసేసి ప్రోలాజిక్ పెట్టుకుంటున్నా. ఇంట్లోవాళ్లకి తేడా తెలీట్లేదు, నేను మాత్రం ముందు డిస్‌ప్లే చూసి తర్వాత సోఫాలో కూర్చుంటున్నా.

వెనక కుడి స్పీకర్ వైరు ఇంకా గుమ్మానికి అడ్డంగా బ్రౌన్ టేపుతోనే అతికించి ఉంది. ఇప్పటికి నాన్న ఒకసారి, పాలవాడు ఒకసారి తట్టుకున్నారు. దసరా లోపు కేసింగ్ వేయించకపోతే మొత్తం సెట్టుని మళ్లీ అటకెక్కిస్తానని మా ఆవిడ చెప్పేసింది, ఎలక్ట్రీషియన్ ఏమో రేపొస్తా అని రెండు వారాల నుంచి చెప్తున్నాడు.